స్టిక్కరే గదా

ఎల్లారెడ్డి,
16-7-91.

జులేఖాకు, నీ యాది రాసేది ఏమంటే,

ముందు నీ మీద కోపం, క్షేమ సమాచారాలు తర్వాత. కోపం ఎందుకంటావేమో, మీ ఆయన సత్తార్ భాయి మా రాజలింగు చేతికి ఆ వీడియో కెమెరా ఇచ్చి పంపాడు. ఈసారి మాకు ఆషాఢం, మీకు మొహర్రం కలిసి వచ్చాయి. కామారెడ్డి మొత్తంలో ఏ ఇంట్లోనూ పెళ్లి లేదు. పెళ్లిళ్లు లేకపోతే కెమెరాను గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకోవాలి గానీ, పెళ్లిళ్లలో లైటు పట్టుకుని నిలబడే మా తమ్ముడికి ఎవరైనా ఇస్తారా? వాడు దాన్ని ఒళ్లో పసిపిల్లను పెట్టుకున్నట్టు పెట్టుకుని బస్సులో తెచ్చాడు. దిగిన దగ్గర నుంచి మా వాడకట్టుకు శాంతి లేదు. సినిమా తీస్తాడట.

కథ కూడా వాడిదే. ఒకామె ఉంటుంది. ఆమె భర్త భీవండికి మగ్గాల పనికి పోతాడు. ఆమె రోజూ బస్టాండుకు పోయి ఎదురుచూస్తుంది. ఒకరోజు చావు కబురు వస్తుంది. బొట్టు తుడుస్తారు, గాజులు పగలగొడతారు. ఇక అక్కడి నుంచి ఆమె బీడీలు చేసి తమ్ముణ్ణి చదివిస్తే, తమ్ముడు కలెక్టరై జీపులో వచ్చి దిగుతాడు. ఆ కలెక్టరు ఎవరో నీకు చెప్పాలా? ఇంటర్ తప్పి కూర్చున్న మహానుభావుడే. కలెక్టరు సంగతి అట్లా ఉంచితే మిగతా కథ ఎవరిదో కూడా నీకు చెప్పనక్కర్లేదు. విన్నప్పుడు నేను తునికాకు కత్తిరిస్తున్నాను. తల ఎత్తలేదు.

వారం రోజులుగా వాడు అందరి కాళ్లూ పట్టుకుంటున్నాడు. మొదట మా చెల్లె కమలను అడిగాడు. దానికి రాజంపేట సంబంధం నడుస్తోంది, శ్రావణం రాగానే చూడటానికి వస్తారు. "పెండ్లి గాకముందే ముండమోసిన ఏషం ఎయ్యాల్నా? నీకు తెలివి ఉన్నదా?" అని అది చాట విసిరికొట్టింది. బీడీలన్నీ వాకిట్లో పడ్డాయి. పక్కింటి మంగవ్వను అడిగితే, ఆమె మొగుడు దుబాయిలో ఉన్నాడు కదా, మాట పూర్తిగా వినకుండానే లోపలికి పోయి తలుపేసుకుంది. రెండు రోజులు మా గుమ్మం తొక్కలేదు. భర్త వేషానికి మీ తమ్ముడు ఘనీని అడిగాడు. పీర్లు పోయేదాకా అలాంటి మాటే ఎత్తొద్దని మీ అమ్మ అన్వరి ఖాలా మందలించింది. ఆ తర్వాత కూడా ఘనీ ముఖం చూపించడట. మాచారెడ్డిలో వాడికి పిల్లను చూశారు, వీడియోలో వేరే ఆడదాని మొగుడిగా కనిపిస్తే వాళ్లు పిల్లనివ్వరట. వీపు మాత్రం చూపిస్తాడట, కాళ్లు కూడా. దర్జీవాడు కాబట్టి చొక్కా మంచిది కుట్టుకుంటాడట. ఇట్లా మా రాజలింగు సినిమాలో హీరోకు వీపుంది, హీరోయిన్ లేదు.

నిన్న సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "నువ్వు చెయ్యే అక్కా. ఎవలూ బొట్టు తుడుసుకోనంటున్నరు. నీకైతే తీసేటిదేం లేదు గదా."

జులేఖా, వాడు చెడ్డవాడు కాదు. వాడికి ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలియదు, అంతే. నా మగడు పోయి ఆరేళ్లయింది, ఇంట్లో ఎవరూ ఆ మాట నా ముందు ఎత్తరు. నేనూ ఎత్తను. వీడు ఎత్తాడు, అదీ సినిమా కోసం. నేను చాట పట్టుకుని లేచి లోపలికి పోయాను. ఏడవలేదు. ఏడిస్తే అవ్వ చూస్తుంది. అయితే వాడి మాట అబద్ధం కాదు కదా, తీసేది నిజంగానే ఏమీ లేదు. దానికి నాకు కోపం రావాలా, దుఃఖం రావాలా అర్థం కావడం లేదు.

నువ్వు సత్తార్ భాయికి చెప్పు. కెమెరా వెనక్కి తెప్పించుకోమను. ఏదో సున్తీ ఫంక్షనో, కొట్టు ప్రారంభమో ఉందని అబద్ధమైనా చెప్పమను. నీ చిన్నదాని దగ్గు తగ్గిందా? వాము వేడి చేసి పొట్లం కట్టి వాసన చూపించు.

కోపంతోనే,
నీ యాది.


ఎల్లారెడ్డి,
26-7-91.

ప్రాణమైన జులేఖా,

నీ ఉత్తరం అందింది. సత్తార్ భాయి నవ్వి, ఆషాఢం పోయేదాకా కెమెరా ఉంచుకోమన్నాడని రాశావు. మీ ఇంట్లో కూడా నా మాటకు విలువ లేదన్నమాట. సరే, ఇప్పుడు నేను చెప్పేది విని నువ్వు కూడా నవ్వు. నేను ఒప్పుకున్నాను.

ఎట్లా ఒప్పుకున్నానో నాకే సరిగా తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, నీకేమైనా అర్థమైతే నాకు చెప్పు. ఆ మాట అన్న మరునాటి నుంచి రాజలింగు నాతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే నా తునికాకు తడిపి పెట్టాడు, నీళ్లు మోశాడు, నా బీడీలు కార్ఖానాలో ఇచ్చి వచ్చాడు. వాడికి తప్పు తెలిస్తే నోరు పోయి చేతులు వస్తాయి. నాకు జాలేసింది. ముండమోసినదాని వేషం అంటే నేను కొత్తగా చేసేదేముంది, ఇదే చీర, ఇదే ముఖం, కూర్చుని బీడీలు చేయడమే కదా, తీసుకోనీ అనుకున్నాను. సరేలే చేస్తా అన్నాను. వాడు ఎగిరి గంతేశాడు. అంతవరకూ బాగానే ఉంది.

అప్పుడు కమల అడిగింది, మరి మొదటి సగం ఎవరు చేస్తారని.

ఎవరికీ తట్టలేదు జులేఖా, వాడికీ తట్టలేదు. బొట్టు తుడుచుకునేవాళ్లు దొరకడం లేదనే అందరి బాధ. కానీ కథలో ఆమె సగం దాకా ముత్తైదువే. బస్టాండుకు పోయేటప్పుడు బొట్టుంటుంది, గాజులుంటాయి, తలలో పూలుంటాయి. నాకు వాటిని తీయాల్సిన పని లేదు, నిజమే. పెట్టుకోవాల్సిన పని ఉంది. పొయ్యి దగ్గర నుంచి అవ్వ లేచి వచ్చింది. రాజలింగును తిట్టిన తిట్లు ఈ కాగితం మీద పట్టవు. ముండమోసిన పిల్లకు బొట్టు పెడితే ఇంటికి అరిష్టమనీ, కమల సంబంధం తప్పిపోతుందనీ, వాడకట్టంతా ముఖాన ఉమ్మేస్తారనీ అన్నది. బాపు గోడకు ఆనుకుని చుట్ట కాలుస్తున్నాడు. మా బాపు సంగతి తెలుసు కదా, కార్ఖానాలో రోజంతా బీడీ కట్టలు కట్టి ఇంటికి వచ్చాక నోరు కూడా కట్టేసుకుంటాడు.

నేను గండం గడిచిందనుకోవాలి. అవ్వే వద్దంటే ఇక నేను వద్దనాల్సిన పని లేదు. కానీ అవ్వ వద్దన్న తర్వాతే నాకు చేయాలనిపించింది. అదెందుకో చెప్పలేను. "నేను జేస్త అవ్వా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అవ్వ నన్ను చూసిన చూపులో కోపం లేదు, భయం ఉంది.

మధ్యలో కమల లోపలికి పోయి తన స్టిక్కర్ల అట్ట తెచ్చింది. అదే, ఎర్రగా గుండ్రంగా ఉండి వెనక జిగురుంటుంది, పీకి అంటించుకుంటారు కదా, నువ్వు కూడా చిన్నదానికి దిష్టికి నల్లది పెట్టావు. "ఇది కుంకుమ గాదు గదనే అవ్వా, కాయితం" అన్నది కమల. అవ్వ ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. వాసన కూడా చూసింది. గాజు గాజులు వద్దు, ప్లాస్టిక్‌వి అయితే సరే అన్నది. పుస్తెలు వద్దు అన్నది. దానికి ఘనీ తన మిషన్ దగ్గర నుంచి రెండు ఇత్తడి గుండీలు తెచ్చి పసుపు దారానికి కట్టి ఇచ్చాడు. దూరం నుంచి ఎవరికి తెలుస్తుందన్నాడు. పూలు కూడా కాగితం పూలే. బొట్టు దగ్గరికి వచ్చేసరికి అవ్వ చాలాసేపు ఆలోచించింది. చివరికి ఎవరికో జవాబు చెబుతున్నట్టు గోడ వైపు తిరిగి, "స్టిక్కరే గదా" అన్నది.

ఆ మాటతో మా ఇంట్లో శాస్త్రం మారిపోయింది. పొద్దున పెట్టుకోవాలి, షూటింగ్ అయిపోగానే తీసేయాలి, తీయకుండా గడప దాటి నీళ్లకు పోవద్దు. ఇవీ అవ్వ పెట్టిన షరతులు. ఎల్లుండి ఆదివారం నాగిరెడ్డిపేట బస్సెక్కి పోచారం పోతున్నాం. డ్యామ్ మీద నేను నడవాలి, నా ముందు ఘనీ వీపు నడవాలి. నవ్వుతున్నావు కదూ? నవ్వు. నేను మాత్రం ఆ గుండీల దారం ముడి పదిసార్లు విప్పి కట్టాను. బడికి మొదటి రోజు పోయేటప్పుడు పలక సంచి ఇట్లాగే విప్పి కట్టాను, నువ్వు నా పక్కన కూర్చుని సగం జామకాయ ఇచ్చావు, గుర్తుందా?

ఎటూ తోచని,
నీ యాది.


ఎల్లారెడ్డి,
2-8-91, శుక్రవారం.

జులేఖా,

ఈ ఉత్తరం చదివి చింపేయి. సత్తార్ భాయికి కూడా చూపించకు.

పోచారం పోయి వచ్చాం. అలుగు ఇంకా పారడం లేదు గానీ నీళ్లు బాగానే వచ్చాయి. బస్సులో నాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. నా పక్కన ఒకామె కూర్చుని, ఎవరి ఇంటిదానివి, పిల్లలెందరు, మీ ఆయన ఏం చేస్తాడు అని అడిగింది. ఆరేళ్లలో నన్ను ఎవరూ ఆ మాటలు అడగలేదు. ముఖం చూడగానే తెలిసిపోతుంది కదా, అడిగేదేముంది. నేను భీవండిలో మగ్గం నడుపుతాడని చెప్పాను. ఉన్నాడు అన్నట్టుగానే చెప్పాను. అబద్ధం ఆడుతున్నానని కూడా తోచలేదు, నోట్లోంచి అట్లా వచ్చేసింది. వెనక సీట్లో ఘనీ పడిపడి దగ్గాడు.

డ్యామ్ కింద పోచమ్మకు బోనాలు తీసిన ఆడవాళ్లు తిరిగి వస్తున్నారు. ఏ ఊరివాళ్లో తెలియదు. ముందు నడిచే ముసలామె చేతిలో పళ్లెం ఉంది. దారిలో ఎదురైన ముత్తైదువలందరికీ కుంకుమ పెడుతూ వస్తోంది. అట్లాంటప్పుడు నేను ఏం చేస్తానో నీకు తెలుసు. రోడ్డు దిగి, కొంగు ముందుకు లాక్కుని, వాళ్లు పోయేదాకా ఎటో చూస్తాను. ఎవరూ చెప్పక్కర్లేదు, కాళ్లే పక్కకు జరుగుతాయి. ఆ రోజు జరగలేదు. ఆమె వచ్చింది, నా నుదుట పెట్టింది, నా పుస్తెలకు కూడా పెట్టింది. ఘనీ గుండీలకు. "సల్లగుండు బిడ్డా" అన్నది. రాజలింగు దూరంగా కెమెరా బ్యాటరీ మారుస్తున్నాడు, చూడలేదు.

అది స్టిక్కర్ కాదు జులేఖా. అది కుంకుమ.

నాకు ఎంత సంతోషమైందో చెబితే నువ్వు నన్ను ఏమనుకుంటావో. ఒళ్లంతా చల్లబడింది. చనిపోయిన మనిషిని మరిచిపోయినందుకు కాదు, ఆయన్ను మరవలేదు. ఆయన ఉన్నప్పుడు నేను ఎట్లా ఉండేదాన్నో, ఆ మనిషి కనిపించింది నాకు. తిరుగు బస్సులో ఎల్లారెడ్డి దగ్గరపడుతుంటే, కొంగు తడిపి నా చేత్తో నేనే ఆ కుంకుమ తుడుచుకున్నాను. అవ్వ చూస్తుందని. అంతా పోవాలి కదా, గట్టిగా తుడిచాను. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఆరేళ్ల కిందటిది నీకు తెలుసు, కానీ అప్పుడు నువ్వు కామారెడ్డిలో పచ్చి బాలింతవు, రాలేకపోయావు, చూడలేదు. భీవండి నుంచి తంతి వచ్చింది. జ్వరం వచ్చి పోయాడని. శవం తీసుకురాలేదు, అక్కడే దహనం చేశారు. నేను ముఖం చూడలేదు. ఆ కాగితం తప్ప నాకు ఏ గుర్తూ లేదు. దినాల నాడు మా వాకిట్లో పీట మీద కూర్చోబెట్టి, మా వాడకట్టు ఈరవ్వతో బొట్టు తుడిపించారు. ఎవరి ఇంట్లో ఇట్లాంటిది జరిగినా ఈరవ్వనే పిలుస్తారు, ఆమె కూడా చిన్నప్పుడే భర్త పోయిన మనిషి. నీళ్లలో బొటనవేలు ముంచి ఒక్కసారి రుద్దింది. అంతే. నేను వద్దనలేదు, సరే అనలేదు. నన్ను ఎవరూ అడగలేదు. ఆయన నిజంగా పోయాడని నా మనసుకు తెలిసేలోపే నా ముఖం మీద అందరికీ తెలిసిపోయింది.

ఇప్పుడు రోజూ పొద్దున స్టిక్కర్ పెట్టుకుంటున్నాను. బస్టాండులో, దారిలో, ఇంటి ముందు ఏవేవో తీస్తున్నాడు. కెమెరా చూసి జనం నవ్వుతారే తప్ప ఎవరూ ఏమీ అనడం లేదు, సినిమా అని అందరికీ తెలుసు. సాయంత్రం తీసి అద్దానికి అంటిస్తున్నాను. అవ్వ వంటింట్లోంచి గమనిస్తూనే ఉంటుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి జరిగినది ఇప్పుడు ప్రతి సాయంత్రం జరుగుతోంది. పొద్దున అద్దంలో చూస్తే ఈమె ఎవరు అనిపిస్తుంది, సాయంత్రం చూస్తే ఈమె మాత్రం ఎవరు అనిపిస్తుంది. ఇద్దరిలో నేను ఎవరినో నువ్వైనా చెప్పు.

అసలు సంగతి ఇంకా రాయలేదు. మన దగ్గర ముందు తీసింది ముందు, వెనక తీసింది వెనక వస్తుందట, కోసి అతికించాలంటే హైదరాబాద్ పోవాలట. అందుకని కథ వరసలోనే తీస్తున్నాడు. వరసలో ఇక వచ్చేది చావు కబురు. ఆదివారం తీస్తాడు. నిజంగా ఉండాలని ఈరవ్వను పిలిచాడు. ఆ ఈరవ్వనే. ఆమె మొదట రానన్నదట. "ఉత్తగ ఎవలన్న తుడుస్తరా బిడ్డా, నా చెయ్యి అసొంటి ఆటకు గాదు" అన్నదట. టీవీలో కనిపిస్తావని ఒప్పించాడు. అదే వాకిలి, అదే పీట. వాడు చాలా సంతోషంగా ఉన్నాడు. నాతో ఏమన్నాడో తెలుసా, నువ్వు నిజంగా ఏడిస్తే సినిమా నిలబడుతుంది అన్నాడు.

చేయనంటే వాడి సినిమా సగంలో పోతుంది, వాడు నెల నుంచి అన్నం కూడా సరిగా తినలేదు. చేస్తే ఆదివారం తర్వాత నాకు మళ్లీ పొద్దున అనేది ఉండదు, రెండో సగమంతా పాత ముఖమే. జ్వరమని పడుకోనా? పొద్దున బస్సుకు నీ దగ్గరికి వచ్చేయనా? ఆదివారంలోపు జవాబు రాయి. ఎవరినైనా పంపించినా సరే.

ఏమీ అర్థం కాని,
నీ యాది.


ఎల్లారెడ్డి,
20-8-91.

నా జులేఖాకు,

నీ జవాబు సోమవారం వచ్చింది, చేయవద్దు వచ్చేయమని రాశావు. ఆదివారం అప్పటికే అయిపోయింది. తర్వాత ఇన్ని రోజులు ఎందుకు రాయలేదంటావేమో, రాయడానికి కూర్చుంటే ముగింపు ఏదో తెలియలేదు. ఇప్పటికీ పూర్తిగా తెలియదు గానీ రాస్తాను.

ఆదివారం వాకిట్లో పీట వేశారు. మంగవ్వ, ఇంకా నలుగురు ఆడవాళ్లు వచ్చారు, మేం యాక్టింగ్ చేయం, ఉత్తగా కూర్చుంటాం అని ముందే చెప్పి కూర్చున్నారు. ఘనీ లైటు పట్టుకున్నాడు. అవ్వ గుమ్మం దాటి రాలేదు. నేను పోయి పీట మీద కూర్చున్నాను. పారిపోదామని పొద్దుటి నుంచీ అనుకున్నదాన్నే, పిలవగానే పోయి కూర్చున్నాను. ఎప్పుడూ అంతే కదా నేను. రాజలింగు కెమెరాకు కన్ను ఆనించి, కానియ్యి అన్నాడు.

ఈరవ్వ చెంబులో బొటనవేలు ముంచి నా నుదుటి మీద పెట్టి రుద్దింది. బొట్టు పోలేదు, కనుబొమ్మ మీదికి జరిగింది. మళ్లీ రుద్దింది. ఇంకో పక్కకు జరిగింది. ఎన్నో నుదుళ్లు తుడిచిన చెయ్యి అది. ఎప్పుడూ ఒక్కసారికే పోయేది. ఆమె తన వేలు వెలుతురులో పెట్టి చూసుకుంది, ఎరుపు లేదు. "ఇదేందే, పోతలేదు" అన్నది.

మంగవ్వకు నవ్వు ఆగలేదు. ఆమె నవ్వితే అందరూ నవ్వారు. తలుపు వెనక కమల కూడా. నాకూ వచ్చింది నవ్వు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. రాజలింగు మాత్రం కెమెరా దించకుండా కేకలేశాడు. నవ్వకండి, క్యాసెట్ తిరుగుతోంది అని, "ఈరవ్వా, అది స్టిక్కర్. తుడుస్తే పోదు, గోరుతోని పీకు" అన్నాడు.

ఈరవ్వ గోరు పెట్టింది. జిగురు లేవడం నా చర్మానికి తెలిసింది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు, చూసేసరికి నా చేతిలో ఉంది.

"ఒక్కసారి ఇచ్చిన ఈరవ్వా. మల్ల ఇయ్య."

నవ్వులు ఆగిపోయాయి. ఈరవ్వ నన్ను చూసింది. ఆరేళ్ల కిందట ఆమె నా నుదుటినే చూసింది గానీ కళ్లలోకి చూడలేదు, ఈసారి చూసింది. చెయ్యి విడిపించుకోలేదు. రెండో చేత్తో, కనుబొమ్మ మీద వేలాడుతున్న ఆ స్టిక్కర్‌ను మెల్లగా జరిపి, రెండు బొమ్మల మధ్యకు తెచ్చి, అదే బొటనవేలితో నొక్కింది. "వంకరైంది బిడ్డా" అన్నది. లేచి కొంగు దులుపుకుని ఇంటికి పోయింది. టీవీలో చూసుకోవడానికి కూడా మళ్లీ రాలేదు.

రాజలింగు కెమెరా దించి గోడ దగ్గర కూర్చున్నాడు. వాడి సినిమా పోయింది. నేను క్షమించమని అడగలేదు. ఆ సాయంత్రం స్టిక్కర్ తీయలేదు కూడా. అవ్వ చూసి చూసి, అన్నాలయ్యాక వచ్చింది. "అది తీస్తవా లేదా?" అన్నది. నేను ముందే అనుకుని పెట్టుకున్న మాట కాదు, నోటికి అదే వచ్చింది.

"స్టిక్కరే గదా అవ్వా."

ఆమె మాటే. కాదని ఎట్లా అంటుంది?

మరునాడు బీడీలు ఇవ్వడానికి అట్లాగే కార్ఖానాకు బయలుదేరాను. బయలుదేరేముందు రెండుసార్లు గడప దాకా పోయి వెనక్కి వచ్చాను జులేఖా, అబద్ధమెందుకు. మూల మలుపు దగ్గర నలుగురు ఆడవాళ్లు నీళ్ల బిందెలు దించి నన్నే చూస్తున్నారు. ఒకామె నోరు తెరిచింది కూడా. అంతలో వెనక నుంచి మా వాడి గొంతు: "పక్కకు జరుగుండ్రి, షూటింగ్ నడుస్తున్నది!" తిరిగి చూస్తే కెమెరా భుజాన వేసుకుని రాజలింగు. నాతో మాట్లాడడు, నా వెంట నడుస్తాడు. ఆ నలుగురూ కొంగులు సర్దుకుని, వెంట్రుకలు దువ్వుకుని నిలబడ్డారు. నా నుదురు ఎవరికీ పట్టలేదు, వాళ్ల ముఖాలు వాళ్లకు పట్టాయి. కార్ఖానా దాకా వచ్చాడు, మళ్లీ ఇంటి దాకా వచ్చాడు. ఇంటికి వచ్చాక కమల చెప్పింది, అందులో క్యాసెట్ లేదట. ఉన్న ఒక్క క్యాసెట్ నిన్ననే అయిపోయిందట.

అట్లా ఆషాఢం గడిచింది. శ్రావణం రాగానే పెళ్లిళ్లు మొదలై కెమెరా మీ ఇంటికి వచ్చేసింది కదా, ఇక నా పని కూడా అయిపోయిందనుకున్నాను. మంగవ్వ అత్త నల్లా దగ్గర అందరి ముందు అడగనే అడిగింది, కెమెరా పోయింది కదా, ఆ బొట్టేంది అని. రాజలింగు పక్కనే బిందె పట్టుకుని ఉన్నాడు. షూటింగ్ ఇంకా అయిపోలేదు, కెమెరా రిపేరుకు పోయింది అన్నాడు. ముఖం చూస్తే దేవుడు కూడా నమ్ముతాడు. మరునాడు ఘనీ తన కొట్టులో అడిగినవాళ్లకు అదే చెప్పాడు, పైగా తన వీపు ఇంకా చాలా చోట్ల కనిపించాల్సి ఉందన్నాడట. ఆ తర్వాత కార్ఖానాలో ఎవరో బాపును అడిగారు. మా బాపు, పది మాటలకు ఒక మాట కూడా చెప్పని మనిషి, కట్ట కడుతూనే "ఇంక సగం ఉన్నది" అన్నాడట. రాజంపేటవాళ్లు కమలను చూడటానికి వచ్చినప్పుడు నేను వంటింట్లో దాక్కుందామనుకున్నాను. కమల నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చి, మా అక్క సినిమాలో చేస్తున్నది అని చెప్పింది. పిల్లవాడి తల్లి ఏ సినిమా, పాటలున్నాయా అని అడిగింది తప్ప ఇంకేమీ అనలేదు. సంబంధం సంగతి ఇంకా చెప్పి పంపలేదు. తప్పితే నా వల్లే అని నాకు భయం. కమలకు లేదట.

చూశావా జులేఖా? కెమెరా ముందు నిలబడమని వాడు అందరి కాళ్లూ పట్టుకుంటే ఒక్కరూ రాలేదు. ఇప్పుడు కెమెరా లేకుండా ఇల్లంతా చేస్తోంది. ఒక్కరూ మాట తడబడరు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. నేను చేసింది ధైర్యమో, ఒక అబద్ధం చాటున నిలబడటమో కూడా తెలియదు. బొట్టు పెట్టుకుని ఎవరికీ ఏమీ చెప్పకుండా నడిచే రోజు వస్తుందో రాదో. ఇప్పటికి మాత్రం నడుస్తున్నాను.

అవ్వ ఒక్కతే మిగిలింది. నాతో ఆ సంగతి మాట్లాడదు, కానీ తీయమనీ అనలేదు. పోయిన శుక్రవారం తలస్నానం చేస్తుంటే స్టిక్కర్ ఊడి నీళ్లలో పోయింది. జిగురు ఎన్నాళ్లుంటుంది. అద్దం ముందు నిలబడ్డాను. అట్టలో ఇంకా చాలా ఉన్నాయి. వాటి పక్కన కమల కుంకుమ భరిణె ఉంది. చెయ్యి భరిణె మీదికి పోయింది. ఒక్క వేలితో పెట్టుకున్నాను. ఇది తుడిస్తే పోతుంది, చెమటకు కారుతుంది, పోచారంలో పెట్టినట్టే ఉంటుంది. ఇకమీద నా కొంగుతో నేను తుడవను.

వెనక అవ్వ నిలబడి ఉంది. చూసింది. ఇది కాగితం కాదని ఆమెకు ఒక్క చూపులో తెలుసు. ఇక ఏ మాట చాటూ లేదు. అదే సమయానికి గుమ్మం దగ్గర పాలు పోసే ఆమె, మీ యాదవ్వ సినిమా ఎప్పటికైతదని అడుగుతోంది. అవ్వ గిన్నె తీసుకుని బయటికి పోయింది. నేను తలుపు దాకా పోయి విన్నాను.

"యాడ అయితదే, ఇంక షానా ఉన్నది" అన్నది మా అవ్వ.

అందుకే ఈ ఉత్తరం. వచ్చే గురువారం పొద్దున బస్సుకు కామారెడ్డి వస్తున్నాను. గుమ్మంలో నా ముఖం కన్నా ముందు నా నుదురు చూస్తావు, చూడు. ఒక్క పని చేసిపెట్టాలి నువ్వు. మా ఊరివాళ్లు పెళ్లిళ్ల కోసం సత్తార్ భాయి దగ్గరికి వస్తూనే ఉంటారు. ఆ కెమెరా రిపేరులో ఉందనే చెప్పమను, కళ్ల ముందు బల్ల మీద ఉన్నా సరే, అది వేరేది అనమను. ఎప్పటికి బాగవుతుందని అడిగితే, దాని సామాను ఎక్కడా దొరకడం లేదని చెప్పమను.

నీ
యాది.